మిల్లు మీదికి నెట్టేసిన వాసన

తన నోటి వాసన తనకే తెలియకుండా మనిషిని చేసిన దేవుడి మీద నాకు కోపం ఉంది. కాలిలో ముల్లు దిగితే తెలుస్తుంది, చొక్కా చంక కింద చిరిగితే తెలుస్తుంది, బస్సులో ముందు సీటువాడు ఏం తిని ఎక్కాడో కూడా తెలుస్తుంది. ముక్కుకు రెండు వేళ్ల కింద ఉన్న సొంత నోటి సంగతి మాత్రం ఊరందరికీ తెలిశాక చిట్టచివర మనకు తెలుస్తుంది. అదీ ఎవరైనా చెబితేనే. నా విషయంలో చెప్పే మనిషి దొరకడానికి చాలా కాలం పట్టింది.

నేను మిర్యాలగూడలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు చూసే పని చేస్తాను. రైతుల ట్రాక్టర్లు గేటు దగ్గర ఆగగానే ట్రాలీ ఎక్కి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు వడ్లు తీస్తాను. అరచేతిలో నలిపి ఊదుతాను. ఒక గింజ పంటి కింద వేసి కొరుకుతాను. కటుక్కుమంటే ఎండినవి, మెత్తగా దిగితే పచ్చివి. తేమ చూసే మిషన్ ఒకటి ఆఫీసులో ఉంది, బ్యాటరీ ఉన్నప్పుడు పనిచేస్తుంది. నా పన్ను ముప్పై ఏళ్లుగా ఆగకుండా పనిచేస్తోంది. నేను తేమ పదిహేడు శాతం అంటే మిషన్ కూడా పదిహేడే అంటుంది. ఎప్పుడైనా పదహారున్నర అంటే మా మేనేజరు మిషన్‌నే అనుమానిస్తాడు. ఈ మాట గొప్ప కోసమే చెబుతున్నాను, దాచుకోవడం దేనికి.

రోజంతా గేటు దగ్గర నేను మాట్లాడుతూనే ఉంటాను. రైతులతో వాదించాలి, హమాలీలతో పరాచికాలాడాలి, డ్రైవర్లను అదిలించాలి. సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. ఇంటికి పోయాక మాట్లాడడానికి ఏమీ మిగలదు. మొదటి నుంచీ అంతే. నా భార్య అన్నం పెట్టేది, నేను టీవీ చూస్తూ తినేవాణ్ని. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో మేము గట్టిగా పోట్లాడుకున్న రోజు ఒక్కటీ లేదు. మిల్లులో ఎవరైనా ఇంటి గొడవలు చెప్పుకుంటుంటే నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది.

మూడేళ్ల కింద ఆమె కోదాడ పోయింది. మా ఒక్కగానొక్క బిడ్డ అక్కడ ఒక ప్రైవేటు బడిలో టీచరు. అల్లుడు మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. మనుమరాలు పుట్టి, బిడ్డ సెలవు అయిపోయాక పసిపిల్లను చూసుకోవడానికి ఇంట్లో ఒక మనిషి కావాల్సి వచ్చింది. "ఆర్నెల్లు ఉండొస్త" అని చీరల సంచి పట్టుకుని నా భార్య బస్సెక్కింది. ఆర్నెల్లు ఏడాది అయ్యాయి. పిల్ల నడక నేర్చింది, మాటలు నేర్చింది, ఇప్పుడు చిన్న బడికి పోతోంది. ఆమె మాత్రం తిరిగి రాలేదు. నేను రమ్మని అడగలేదు. సొంత ఇంటికి రావడానికి ఒకరు పిలవాలా అనుకున్నాను.

ఆదివారం ఆదివారం నేనే పోయి ఒక పూట ఉండి వచ్చేవాణ్ని. మిగతా రోజుల్లో సాయంత్రం ఆమె ఫోను చేసేది.

"తిన్నవా?"

"తిన్న."

"సరే మరి."

"సరే."

సిమ్ కార్డువాళ్లు నెలంతా ఎంతసేపైనా మాట్లాడుకోమని ఇచ్చిన దాంట్లో నేను వాడుకున్నది ఇంతే.

మిర్యాలగూడకు కొత్తగా వచ్చినవాళ్లు ముందు ముక్కు మూసుకుంటారు. ఉప్పుడు బియ్యం కోసం వడ్లను ట్యాంకుల్లో వేడినీళ్లలో నానబెట్టి, ఆవిరి పడతాం. ఆ నానిన నీళ్లు వదిలినప్పుడు పులిసిన కంపు ఒకటి కాలువ వెంట లేచి వీధులన్నీ తిరుగుతుంది. అది మా బట్టలకు, జుట్టుకు, తలగడలకు పట్టేసి ఉంటుంది. అందుకని మా ఊళ్లో ఎవరైనా ఎదుటపడి ముఖం తిప్పుకుంటే మాకు అవమానం అనిపించదు. మిల్లు వాసనలే అనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను. బస్సులో పక్క సీటాయన లేచి నిలబడితే మిల్లు వాసన. బ్యాంకులో అమ్మాయి కాగితాలు చెయ్యి చాచి దూరం నుంచే అందుకుంటే మిల్లు వాసన. కోదాడలో అల్లుడు నాతో మాట్లాడుతూ రెండడుగులు వెనక్కి జరిగితే, పాపం దుమ్ములో పనిచేసేవాడికి మన వాసన పడదులే అని నేనే సర్దుకున్నాను. వచ్చిన ప్రతి కంపునూ మిల్లు మీదికి నెట్టేసి నిశ్చింతగా బతకడం ఈ ఊరివాడికే సాధ్యం. వేరే ఊళ్లో అయితే ఏనాడో బయటపడేవాణ్ని.

కిందటి వానాకాలం వడ్లు వచ్చే రోజుల్లో మాడుగులపల్లి వైపు తండా నుంచి ఒక అవ్వ ట్రాక్టరు మీద వచ్చింది. డెబ్బై ఏళ్లు ఉంటాయి. కొడుకు నడుపుతుంటే పక్కన మడ్‌గార్డు మీద నిటారుగా కూర్చుంది. నేను గింజ కొరికి, ఉమ్మేసి, ఆమె వైపు వంగి చెప్పాను.

"పచ్చిగున్నయ్ అవ్వా. ఇరవై దాటుతది. కల్లంల ఆరబొయ్యాలె."

ఆమె తల వెనక్కి లాక్కుంది. కొడుకుతో తమ భాషలో ఏదో అంది. అతను పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు.

"ఏమంటున్నది?" అని అడిగాను.

"ఏం లేదు సార్" అన్నాడు.

"ఏం లేదెందుకు? నేనే చెప్త" అంది అవ్వ తెలుగులో, గేటంతా వినేలా. "నా వడ్లల్ల తేమ నీ పన్నుకు తెలిసె. మరి నీ నోట్లె కంపు నీకు తెలుస్తలేదా సారూ?"

హమాలీలు పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వేసి, "అది మిల్లు వాసన అవ్వా" అన్నాను.

"మిల్లు వాసన నాకెరుక లేదా? నలభై ఏండ్ల సంది వస్తున్న గీడికి. మిల్లుది పులుపు. నీది కుళ్లు."

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. అది ఇంకా ఘోరం. నేను హమాలీల ముఖాలు చూశాను. ఒక్కడి ముఖంలోనైనా ఆశ్చర్యం లేదు. అందరికీ తెలుసు, ఎన్నాళ్ల నుంచో తెలుసు. నన్ను అన్నా అని పిలిచేవాళ్లు, నా చేతి నుంచి బీడీ కట్టలు తీసుకున్నవాళ్లు, ఒక్కడూ చెప్పలేదు. నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు, కోపం. ఆ కోపంలో అవ్వను ఏదో రకంగా శిక్షించాలనిపించింది. కానీ వడ్లు నిజంగానే పచ్చివి, ఆరబోయమని ముందే చెప్పేశాను. నా కోపానికి చెయ్యడానికి పని లేకుండా పోయింది.

మధ్యాహ్నం అవ్వ మిల్లు ముందున్న కల్లంలో వడ్లు పరిచి, గోడ నీడకు కూర్చుని జొన్నరొట్టె మూట విప్పుకుంది. నన్ను చూసి చేత్తో రమ్మంది. పోకూడదు అనుకుంటూనే పోయాను.

"కోపమొచ్చిందా?"

"రాదా మరి? అందరి ముంగట గట్లంటరా?"

"ఇంట్ల ఆడమనిషి లేదా నీకు?"

"ఉన్నది. కోదాడల, బిడ్డ కాడ."

"అందుకే" అంది, రొట్టె తుంచుతూ. "పక్కపొంటి మనిషి లేకుంటే చెప్పెటోళ్లుండరు. పొద్దుగాల్నే జామచెట్టు లేతాకులు నాలుగు నమిలి ఉమ్మెయ్. పస్తులుండకు. అన్నంల పెరుగేసుకో. కడుపు కాలుతుంటే నోరు కంపే కొడ్తది."

ఆమె చెప్పిన వైద్యం నాకు తర్వాత గుర్తుకొచ్చింది. అప్పుడు మాత్రం నా బుర్రలో ఒకే మాట తిరిగింది. ఆర్నెల్లకని పోయిన మనిషి మూడేళ్లయినా ఎందుకు రాలేదో నాకు తెలిసిపోయింది.

ఆ సాయంత్రం మంచం మీద కూర్చుని ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. కోదాడలో నాకు అన్నం వడ్డించి ఆమె వంటింటి గడప దగ్గరికి పోయి కూర్చుంటుంది. ఎండకు నడుం వాలుస్తానంటే నాకు హాల్లో ఫ్యాను కింద చాప వేసి, తను పిల్లను తీసుకుని లోపలి గదిలోకి పోతుంది. రోజూ ఫోను చేస్తుంది, ఎందుకంటే ఫోనులో వాసన రాదు. అన్నీ అతికినట్టు సరిపోయాయి. ఏడుపు వచ్చింది, నిజం చెబుతున్నాను, ఒంటరిగా ఉన్నాను కాబట్టి ఏడ్చాను కూడా. ఆ తర్వాత వింతగా ధైర్యం వచ్చింది. కారణం ఏమిటో తెలియని బాధకు మందు ఉండదు. దీనికి ఉంది. నోరు బాగు చేసుకుంటే ఆమె వస్తుంది. యాసంగి కోతలు మొదలయ్యే లోపల ఆమెను ఇంటికి తీసుకొచ్చుకోవాలని గట్టిగా అనుకున్నాను.

ముందు లవంగాలు వెతికాను. మా వంటింట్లో ఏది ఎక్కడ ఉందో నాకు తెలియదని అప్పుడే తెలిసింది. ఆమె పోయినప్పటి నుంచి నేను ముట్టింది ఉప్పు డబ్బా, కారం డబ్బా, పచ్చడి సీసా, అంతే. మిగతా డబ్బాలన్నీ ఆమె సర్దిపోయినట్టే వరసగా ఉన్నాయి. ఒక్కొక్క మూత తీస్తూ పోయాను. ధనియాలు పురుగు తిని పొడి అయిపోయాయి. సోంపు రంగు మారి గడ్డిలా ఉంది. ఇంకేమీ అంతు పట్టక ఫోను చేశాను. నేను ఆమెకు ఫోను చేయడం అరుదు కాబట్టి ఆమె కంగారు పడింది.

"ఏమైంది?"

"లవంగాలు ఎక్కడున్నయ్?"

"పై అరల, ఎర్ర మూత డబ్బల. ఎందుకు?"

"ఊకనే."

"సరే."

ఎర్ర మూత డబ్బాలో ఎనిమిది లవంగాలు ఉన్నాయి. ఒకటి కొరికితే పుల్ల నమిలినట్టు ఉంది. మూడేళ్లలో వాటి ఘాటంతా పోయింది.

మిల్లులో బాయిలరు కడిగే రోజు నాకు సెలవు. ఆ రోజు సూర్యాపేట పోయి పళ్ల డాక్టరుకు చూపించుకున్నాను. మిర్యాలగూడలో పళ్ల డాక్టర్లు లేక కాదు, తెలిసినవాళ్లు కనబడతారని. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మాస్కు పెట్టుకుని, దీపం నా మీదికి వంచి, నోట్లోకి తొంగి చూసింది. ముఖం తిప్పుకోకుండా నాకు అంత దగ్గరగా వచ్చిన మనిషి ఈ మూడేళ్లలో ఆమె ఒక్కతే. ఆ కుర్చీలో పడుకుని ఉన్నంతసేపూ, గీకుడుకు నొప్పి పుడుతున్నా, నాకు లేవాలనిపించలేదు. ఇలా చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అంత కరువులో ఉన్నాను.

పళ్ల గార అంతా తీశాక తిండి సంగతి అడిగింది.

"పొద్దున ఏం తింటరంకుల్?"

"చాయ్."

"మధ్యాహ్నం?"

"గేటు కాడ ఖాళీ ఉండదు. చాయ్, మిర్చీలు."

"రాత్రికి?"

"అన్నం, పచ్చడి, ఉల్లిగడ్డ. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటరు గదమ్మా."

"మేలు సరే. పక్కనోళ్లకు అది చేసే కీడు కూడా చూడాలె కదా" అని నవ్వింది. తర్వాత ఓపికగా చెప్పింది. నోరు ఎండిపోతే వాసన పుడుతుంది, కాబట్టి నీళ్లు తాగుతూ ఉండాలి. పొద్దున్నే నాలుక గీసుకోవాలి. చాయ్‌లు తగ్గించాలి. పచ్చి క్యారెట్, కీర, జామకాయ లాంటివి కరకరా నమిలితే ఉమ్మి ఊరి నోటిని కడుగుతుంది. పెరుగు రోజూ తినాలి, చక్కెర లేకుండా. సోంపు, యాలక్కాయ, పుదీనా మంచివే, కానీ అవి కాసేపు కప్పిపెడతాయి తప్ప లోపల బాగు చెయ్యవు. అన్నిటికంటే ముందు వేళకు అన్నం తినాలి. "ఇంట్లో ఆంటీకి చెప్పండి, చూసుకుంటరు" అంది చివరికి. చెప్తానన్నాను.

బయటికి వచ్చేసరికి మా మిల్లు బియ్యం లారీ, సూర్యాపేటలో కొన్ని బస్తాలు దింపి విజయవాడ వైపు పోతూ కనబడింది. కోదాడ దాకా వస్తానని ఎక్కాను. మునగాల దగ్గర డ్రైవరు దాబా ముందు ఆపాడు. మేము ఏం కావాలో చెప్పకముందే కోసిన ఉల్లిగడ్డ, నిమ్మచెక్కల పళ్లెం వచ్చి కూర్చుంది. నేను దాన్ని పక్కకు జరిపాను. ముప్పై ఏళ్లుగా నన్ను ఎరిగిన డ్రైవరు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

"పానం బాగలేదా అన్నా?" అన్నాడు. నేను పెరుగు చెప్పాను.

కోదాడలో దిగాను. బస్టాండు నుంచి బిడ్డ ఇంటికి రెండు వీధులు. ఆ పాటికి మనుమరాలు బడి నుంచి వచ్చి ఉంటుంది, నా భార్య గుమ్మంలో కూర్చుని దానికి ఏదో తినిపిస్తూ ఉంటుంది. మొదటి వీధి దాకా నడిచాను. డాక్టరమ్మ రెండు నెలలు పడుతుందని చెప్పింది. ఈ నోటితో పోయి మళ్లీ గడప దగ్గర కూర్చునే మనిషిని చూడలేననిపించింది. వెనక్కి తిరిగి వచ్చి, బండి మీద చల్లటి మజ్జిగ తాగి, మిర్యాలగూడ బస్సెక్కాను. హుజూర్‌నగర్ దాటేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాను. పక్క సీటు ఖాళీగానే ఉంది.

ఆ తర్వాతి ఆదివారాలు పోలేదు. "ఈ ఆదివారం రాలే?" అని అడిగింది ఫోనులో. పని ఉందన్నాను. సరే అంది. ఆ సరేలో నాకు నిష్ఠూరం వినబడుతుందేమోనని చెవి పెట్టాను. ఏమీ వినబడలేదు.

ఇక నా తపస్సు మొదలైంది. పక్కింటివాళ్ల జామచెట్టు కొమ్మ ఒకటి మా గోడ మీదికి వాలి ఉంటుంది. పొద్దున్నే దాని లేతాకులు దొంగతనంగా తెంపి నమిలేవాణ్ని. మొదటి రోజు ఆ వగరుకు నోరు ముడుచుకుపోయింది, వారానికి అలవాటైంది. ఖాళీ రంగు డబ్బాలో మట్టి పోసి పుదీనా కాడలు గుచ్చాను. అవి వేరు పట్టగానే పసిపిల్లకు పళ్లొచ్చినంత సంబరపడ్డాను. మాట్లాడేవాళ్లు లేక పుదీనాతో మాట్లాడానని మీరు అనుకుంటారు. లేదు, పుదీనాతో కూడా మాట్లాడలేదు. అన్నం తిన్నాక నాలుగాకులు తుంచి నోట్లో వేసుకునేవాణ్ని, అంతే.

పెరుగు తోడు వెయ్యడం రాక రెండుసార్లు పాలు విరిగిపోయాయి. మూడోసారి, కాగిన పాలలో వేలు పెట్టి ఓర్చుకునేంత వేడి ఉన్నప్పుడు తోడు వెయ్యాలని హోటలాయన చెప్పాక గడ్డగా తోడుకుంది. ఆ గిన్నె ఎవరికైనా చూపించాలనిపించింది. వంటగదిలో నిలబడి చుట్టూ చూసి, నేనే తిన్నాను. గేటు దగ్గర జేబులోంచి క్యారెట్ తీసి కొరుకుతుంటే హమాలీలు నాకు కుందేలు సారు అని పేరు పెట్టారు. ఇంతకుముందు ఏం పేరు పెట్టారో నేను అడగలేదు.

అసలు కష్టం తినడం కాదు. బాగైందో లేదో తెలుసుకోవడం. మణికట్టు నాకి, ఆరాక వాసన చూసుకోమని ఫోనులో ఒక వీడియోలో ఎవరో చెబితే చూశాను. నా మణికట్టు ఎప్పుడూ వడ్ల వాసనే వేస్తుంది. స్టీలు గ్లాసులోకి ఊది ముక్కు పెట్టాను. స్టీలు వాసన వచ్చింది. ఇంకో మనిషి ముక్కు కావాలి. లోకమంతా ముక్కులే, కానీ "జర నా నోరు వాసన చూడు" అని అడగగలిగిన ముక్కు ఒక్కటీ లేదు. యాభై నాలుగేళ్లు వచ్చాక మనిషికి ఎందరు ఉన్నారో లెక్క పెట్టాలంటే ఆ ఒక్క ప్రశ్న చాలు. నేను లెక్క పెట్టుకున్నాను. ఒకరే తేలారు, ఆమె కోదాడలో ఉంది.

సంక్రాంతి వెళ్లిన మూడు వారాలకు తండా అవ్వ మిగిలిన వడ్లు తెచ్చింది. ఎండ తగిలినవి, పన్ను వేయగానే కటుక్కుమన్నాయి. ట్రాలీ దిగి ఆమె ముందుకు పోయి, ఎవరూ చూడకుండా గొంతు తగ్గించి అడిగాను.

"అవ్వా, జర సూడు" అని గాలి వదిలాను.

ఆమె ముక్కు ఎగబీల్చి, కాసేపు ఆలోచించింది. నేను గింజ కొరికి ఆలోచించినట్టే. "ఇప్పుడు మనిషివైనవ్" అంది. ఆ మాటకు నేను ఆమె కాళ్ల మీద పడలేదు గానీ, పడినంత పని చేశాను.

ఆ ఆదివారం మొదటి బస్సుకే కోదాడ పోయాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో కొత్త సోంపు పొట్లం పెట్టుకున్నాను. బిడ్డ, అల్లుడు పిల్లను తీసుకుని మేళ్లచెరువులో ఎవరిదో గృహప్రవేశానికి పోయారు. నా భార్య ఒక్కతే ఉంది. ఇంతకంటే మంచి సమయం ఏముంటుంది అనుకున్నాను.

నేను కాళ్లు కడుక్కుంటుంటే పక్కింటామె గోడ మీంచి పిలిచింది.

"పిన్నిగారూ, మునక్కాయలు ముదిరిపోతున్నాయండీ, కోసుకోండి. బాబాయిగారొచ్చారా?"

"ఆఁ, వచ్చిండు. మొన్న నువ్విచ్చినయే ఇంక ఉన్నయ్ కదమ్మా" అని మొదలుపెట్టింది నా భార్య. మునక్కాయల నుంచి పక్కింటామె అత్తగారి మోకాళ్లకు, అక్కడి నుంచి నీళ్ల ట్యాంకరు డ్రైవరు పొగరుకు, అక్కడి నుంచి మనుమరాలు బడిలో పాడిన పాటకు పోయింది. ఆ పాట పాడి కూడా చూపించింది. ఇద్దరూ గోడకు చెరోవైపు పట్టుకుని నవ్వారు. నేను తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి వింటున్నాను. ఆమెకు అన్ని మాటలు వచ్చని నాకు తెలియదు.

కంచం పెట్టి ఆమె గడప వైపు తిరగబోతుంటే, "నువ్వు గూడ కూసో" అన్నాను. వింతగా చూసి ఎదురుగా కూర్చుంది. నేను చాప జరుపుకుని ఆమె పక్కకు చేరాను.

"ఏందయ్యా గింత దగ్గరికొస్తున్నవ్? కండ్లు మసకలొచ్చినయా?"

"ఏమన్న వాసనొస్తుందా?"

"సోంపు తిన్నవా?"

"ఇంకేం రాలే గదా?"

"ఇంకేమొస్తది?"

ఇక ఆగలేదు. అవ్వ గేటు దగ్గర అన్న మాట నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. పులుపు, కుళ్లు తేడా చెప్పినప్పుడు ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "గేటు కాడనే? అందరి ముంగట్నే?" అని మళ్లీ చెప్పించుకుంది. దొంగ జామాకులు, విరిగిన పాలు, కుందేలు సారు అన్నీ చెప్పాను. కళ్లు తుడుచుకుంటూ, నన్ను చూస్తూ, ఇంకా చెప్పమన్నట్టు కూర్చుంది. నా మాటకు ఆమె అలా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. నా గుండె నిండిపోయింది. అన్నం చల్లారిపోయింది కూడా.

"ఇగ పోదాం పా" అన్నాను.

"ఏడికి?"

"ఇంటికి. ఇగ వాసన లేదు గదా."

ఆమె నవ్వు నెమ్మదిగా తగ్గింది. "నీ నోరు వాసనొస్తుందని నేను గీడ ఉన్న అనుకున్నవా?"

"మరి?"

"నాకు ఆ సంగతే తెల్వదు."

"అందరికీ తెలిసింది. నీకు తెల్వకపోవుడేంది?"

"నువ్వు ఇంట్ల నోరు తెరిచి నాతోని మాట్లాడితే గద తెలిసేది" అంది.

కోపంగా అనలేదు. నిష్ఠూరంగా కూడా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను ఏదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపింది.

"గీడ బిడ్డ బడి నుంచి రాంగనే బడి ముచ్చట్లన్నీ నాకే చెప్తది. పిల్ల పొద్దుందాక వాగుతనే ఉంటది. పక్కింటామె గోడ మీంచి పిలుస్తది. నాకూ మాటలొస్తయని గీడికొచ్చినంకనే తెలిసింది. గాడ పొద్దున నువ్వు పోయినంక మళ్ల నువ్వొచ్చేదాక గోడలు చూసుకుంట కూసునేదాన్ని. నువ్వొచ్చినంక టీవీ చూసేదాన్ని." కింద పడ్డ మెతుకు ఏరి కంచం పక్కన పెట్టింది. "ఇయ్యాల నువ్వు చెప్పినంత, పెండ్లైన కాడ్నుంచి చెప్పలే. మంచిగనిపించింది. అయినా నేను రాను. నువ్వే వస్తపోత ఉండు."

పెరుగు తెస్తానని లేచి లోపలికి పోయింది. గిన్నెల చప్పుడు వినబడుతోంది. ఆమె తిరిగి వచ్చేలోపు ఏదో ఒకటి మాట్లాడాలి, ఇప్పుడే మాట్లాడాలి అని నాకు తెలుసు. రెండు నెలలు కష్టపడి బాగు చేసుకున్న నోరు ఉంది. చెప్పాల్సిన కథ మొత్తం చెప్పేశాను. ఇంకేం చెప్పాలో, ఆమెను ఏమి అడగాలో తోచలేదు. కంచంలోకి చూశాను. గబగబా రెండు ముద్దలు తిన్నాను.

ఆమె వచ్చి కూర్చుంది.

"కూర మంచిగ వండినవ్" అన్నాను.

"బిడ్డ వండిపోయింది పొద్దున" అంది ఆమె, నాకు పెరుగు వేస్తూ.

ఇరవై తొమ్మిదేళ్లు ఆమె చేతి కూర తిన్నాను. అది వేరే చేతిదని నాకు తెలియలేదు.